కౌన్సిలర్‌గా చేసిన అనుభవం ఎమ్మెల్యే పదవికి పనికొస్తుందా?

ప్రశ్న అడిగిన చెల్లెమ్మ తెలంగాణలో ఒక మునిసిపాలిటీకి మొదటిసారి ఎన్నికైన కౌన్సిలర్. వార్డులో పనులు బాగా చేయించారని పార్టీ పెద్దలు వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో టికెట్ అడగమంటున్నారట. ఎమ్మెల్యే జీవితం ఎలా ఉంటుంది, ఇప్పటి అనుభవం అక్కడ సరిపోతుందా అన్నది ఆమె సందేహం. నేను చాలాకాలం మునిసిపల్ ఆఫీసులో పనిచేశాను. తర్వాత ఇద్దరు ఎమ్మెల్యేల దగ్గర పీఏగా ఉన్నాను. ఒకరిది అధికార పక్షం, ఇంకొకరిది ప్రతిపక్షం. ఆ రెండు ఇళ్లలో చూసింది చెబుతాను.

మీ అనుభవం పనికొస్తుందమ్మా. కానీ ఎమ్మెల్యే అయ్యాక కూడా కౌన్సిలర్ పనే చేస్తూ కూర్చుంటే ఐదేళ్లు ఎటు పోయాయో తెలియదు. మన దగ్గర గెలిచినవాళ్లలో ఎక్కువమందికి జరిగేది అదే. వాళ్లు పనిచేయక కాదు, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఊపిరాడకుండా పనిచేస్తారు. అయితే ఆ పనిలో సగం మునిసిపాలిటీది, పంచాయతీది, తహసీల్దార్ ఆఫీసుది. శాసనసభ్యుడు తప్ప వేరెవరూ చేయలేని పనికి మాత్రం టైమ్ మిగలదు.

ముందు ఆ పొద్దున ఎలా ఉంటుందో చెప్పాలి. ఆరు గంటలకే ఇంటి ముందు జనం ఉంటారు. ఆస్పత్రి కాగితాలతో వచ్చినవాళ్లను నేను ఎప్పుడూ ముందు పిలిచేవాణ్ని. ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు చేయాలంటే చికిత్స అయిపోయాక ఒరిజినల్ బిల్లులు కావాలి. ఇంకా నిమ్స్ లాంటి ఆస్పత్రిలో ఉన్న రోగికైతే ముందే ఎల్‌వోసీ, అంటే చికిత్స ఖర్చు ప్రభుత్వం ఇస్తుందని ఆస్పత్రికి రాసిచ్చే లేఖ, తేవాలి. ఈ తేడా తెలియక బిల్లులు పారేసుకుని వచ్చినవాళ్లు ఎంతమందో. ఆ తర్వాత పింఛను ఆగిపోయిన ముసలివాళ్లు, గురుకులంలో సీటు కావాలనే తల్లిదండ్రులు, బదిలీ కోరే టీచర్లు, తిరుమల దర్శనానికి సిఫార్సు లేఖ అడిగేవాళ్లు, రాత్రి కొడుకును స్టేషన్‌కు తీసుకుపోయారని ఏడుస్తూ వచ్చే తల్లులు. తెలంగాణలో కల్యాణలక్ష్మి దరఖాస్తు కూడా ఎమ్మెల్యే సంతకం దాటి పోవాలి, రూ.1,00,116 చెక్కు పంపిణీ కూడా ఎమ్మెల్యే చేతుల మీదుగానే. తొమ్మిదింటికి పెళ్లిళ్లు, పరామర్శలు మొదలవుతాయి. పెళ్లికి పోకపోయినా క్షమిస్తారు గానీ, చావుకు పోకపోతే ఆ ఇంటివాళ్లు మర్చిపోరు.

ఇది తక్కువ పని అని నేను అనను. ఆఫీసుల్లో మాట చెల్లని మనిషికి ఎమ్మెల్యే ఇల్లే చివరి గుమ్మం. దాన్ని మూసేసుకుని "నా పని చట్టాలు చేయడం" అని కూర్చున్నవాళ్లను జనం గెలిపించరు, గెలిపించకూడదు కూడా. నేను చెప్పేదల్లా ఆ అర్జీలను ఎలా చదవాలన్నదే.

భూముల విషయం చూడండి. 2020లో తెలంగాణలో కొత్త పట్టాదారు పాసుపుస్తకాల చట్టం వచ్చింది, భూముల రికార్డులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టే ధరణి పోర్టల్ వచ్చింది. రెవెన్యూ కోర్టులు రద్దయ్యాయి. వీఆర్వో వ్యవస్థ కూడా పోయింది. రికార్డులో పేరు తప్పు పడినా, విస్తీర్ణం తగ్గినా, సొంత పొలం రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో చేరినా కింది స్థాయిలో సరిచేసే అధికారి లేకుండా పోయాడు. అప్పట్నుంచి ఎమ్మెల్యేల ఇళ్ల ముందు నిలబడ్డవాళ్ల చేతుల్లో సగం కాగితాలు భూమివే. మేం కలెక్టరేట్‌కు ఫోన్ చేసేవాళ్లం, లేఖ రాసేవాళ్లం. ఒక రైతు పని అయ్యేలోపు కొత్తగా పదిమంది వచ్చేవాళ్లు. ఎందుకంటే ఆ వరసను తయారుచేసింది ఏ గుమస్తానో కాదు, చట్టంలో అప్పీలుకు చోటు లేకపోవడం. 2025లో భూభారతి చట్టం వచ్చి ఆర్డీవో దగ్గరికి, అక్కణ్నుంచి కలెక్టర్ దగ్గరికి అప్పీలు చేసుకునే దారి పెట్టింది. కొత్త చట్టం అమలు ఎలా ఉందన్నది వేరే చర్చ. నేను చూపించదలచింది ఒక్కటే: 2020లో ఆ బిల్లు సభకు వచ్చిన రోజున, దాని సెక్షన్లు చదివి "తప్పు పడితే రైతు ఎవరి దగ్గరికి పోవాలి?" అని గట్టిగా నిలదీయడం శాసనసభ్యుల పని. వాళ్లు తప్ప ఆ పని ఇంకెవరూ చేయలేరు. సభలో అడగాల్సిన ఆ ఒక్క ప్రశ్న, తర్వాత వేల అర్జీలై ఇంటికి వస్తుంది.

మీ కౌన్సిలర్ అనుభవానికి అసలు విలువ ఇక్కడే ఉంది. ఏ నీళ్ల ట్యాంకు ఎప్పుడు నిండుతుంది, ఏ మోరీ ఎందుకు పొంగుతుంది, ఇంటిపన్ను మదింపులో ఎక్కడ తేడా వస్తుంది, పారిశుద్ధ్య కార్మికుల జీతం ఎన్ని చేతులు మారి వస్తుంది, ఇవి మీకు చూసి తెలుసు. నేరుగా పెద్ద పదవిలోకి వచ్చినవాళ్లకు ఇవి కాగితం మీదే తెలుస్తాయి. టంగుటూరి ప్రకాశం గారు ముఖ్యమంత్రి కావడానికి ఎన్నో ఏళ్ల ముందు రాజమండ్రి మునిసిపల్ చైర్మన్‌గా చేశారు. స్థానిక సంస్థ నుంచి పైకి రావడం మనకు పాత దారే. కాకపోతే పైకి వచ్చాక ప్రశ్న మార్చుకోవాలి. కౌన్సిలర్‌గా మీరు "మా వార్డుకు ట్యాంకర్ ఎప్పుడు పంపుతారు?" అని అడుగుతారు. ఎమ్మెల్యేగా అడగాల్సింది "ఈ పథకం నిర్వహణకు బడ్జెట్‌లో ఎంత పెట్టారు, ఎంత విడుదల చేశారు, మోటార్ల కరెంటు బిల్లు ఎవరు కట్టాలి?" అని.

సభ గురించి బయట చాలా తక్కువ తెలుసు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. టీవీలో కనిపించేది అరుపులు, వాకౌట్లు. అసలు పని కాగితాల్లో ఉంటుంది. నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. ప్రశ్నోత్తరాల టైమ్ తక్కువ, చాలా ప్రశ్నల దాకా వంతే రాదు. నా అనుభవంలో కొత్త సభ్యులకు ఎక్కువ ఉపయోగపడేది నక్షత్ర గుర్తు లేని ప్రశ్న. దానికి రాతపూర్వకంగా జవాబు వస్తుంది. ఆ జవాబు కోసం సచివాలయంలో శాఖ జిల్లాను అడుగుతుంది, జిల్లా ఆఫీసు మండలాన్ని అడుగుతుంది. ఎన్నాళ్లుగానో బీరువాలో పడి ఉన్న ఫైలు ఆ ఒక్క కాగితం కోసం బయటికి వస్తుంది. ఎన్ని పోస్టులు ఖాళీ, ఎంత నిధులు వచ్చాయి, పని ఎక్కడ ఆగింది అన్నది ప్రభుత్వమే రాసి ఇస్తుంది. ఆ కాగితం చేతిలో ఉంటే తర్వాత ఏ సమీక్షా సమావేశంలోనూ ఏ ఇంజినీరూ మాట మార్చలేడు.

మంత్రి సభలో "పరిశీలిస్తాం, పూర్తి చేస్తాం" అని మాట ఇస్తే దాన్ని వెంటాడటానికి హామీల కమిటీ ఉంది. పిటిషన్ల కమిటీ ఉంది. ప్రజాపద్దుల కమిటీ, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలు తీసుకుని అధికారులను పిలిచి అడుగుతుంది. ఈ కమిటీల్లో కెమెరాలు ఉండవు కాబట్టి చాలామంది వెళ్లరు. నాకు అది బాధనిపించేది. పార్టీల గొడవ లేకుండా నాలుగు నిజాలు బయటపడే చోటు అదే.

బడ్జెట్ సమావేశాలు ఇంకా ముఖ్యం. సభ అనుమతి లేకుండా ఖజానా నుంచి డబ్బు తీసే అధికారం ప్రభుత్వానికి లేదు. శాఖలవారీగా పద్దులు వస్తాయి, ఆ మొత్తం తగ్గించాలని సభ్యులు కోత తీర్మానాలు ఇవ్వొచ్చు, చివరికి ఖర్చుకు అనుమతిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు పాసవుతుంది. ఆ పుస్తకాలు పెద్దపెద్ద కట్టలుగా ఇస్తారు. వాటిని విప్పకుండానే కారు డిక్కీలో పెట్టుకుని వచ్చేవాళ్లను చూశాను. మీకు మునిసిపల్ బడ్జెట్ చదవడం అలవాటైతే ఇది కష్టం కాదు. పోయిన ఏడాది అంచనా ఎంత, సవరించిన అంచనా ఎంత, అసలు ఖర్చు ఎంత అని మూడు అంకెలు పక్కపక్కన పెడితే చాలా విషయాలు తెలిసిపోతాయి.

సభ జరిగే రోజులు తగ్గిపోతున్నాయన్నది నిజం. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి గ్యాప్ ఉండకూడదని మాత్రమే రాజ్యాంగం 174వ అధికరణం చెబుతుంది, ఇన్ని రోజులు జరపాలని ఎక్కడా లేదు. అందుకే దొరికిన రోజు వృథా చేయకూడదు. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారు సైకిల్ మీద చట్టసభకు వెళ్లేవారని అందరూ చెబుతారు. ఆయన లెక్కలు చూసుకుని, పూర్తిగా సిద్ధమై మాట్లాడేవారన్న సంగతి ఎవరూ అంతగా చెప్పరు. ఇల్లెందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య గారి సాదాసీదా జీవితం మీద కూడా ఎంతో రాశారు. ఆ నిరాడంబరతకు చేతులెత్తి దండం పెట్టాల్సిందే. అయితే కొత్తగా వచ్చేవాళ్లు వాళ్ల సైకిలు, బస్సు ప్రయాణాలతో పాటు వాళ్ల చదువును, పట్టుదలను కూడా గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

ఇప్పుడు మునిసిపాలిటీకి, ఎమ్మెల్యేకి మధ్య ఉండే గొడవ. ఇది మీరు ఇప్పటికే ఒక వైపు నుంచి చూసి ఉంటారు. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు హోదా ఇచ్చింది, పన్నెండో షెడ్యూల్‌లో 18 అంశాలు పెట్టింది. 73వ సవరణ పంచాయతీలకు 29 అంశాలు చూపించింది. కానీ వాటిలో ఏవి ఎంత బదిలీ చేయాలన్నది రాష్ట్ర శాసనసభ చేతిలో ఉంది. అంటే కౌన్సిలర్‌కు అధికారం ఉండాలా వద్దా అని తేల్చేది ఎమ్మెల్యేలే. పైగా ఎమ్మెల్యే మునిసిపాలిటీలో ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యుడు, చైర్‌పర్సన్ ఎన్నికలో ఓటు కూడా ఉంటుంది. తెలంగాణ 2019 మునిసిపల్ చట్టం ప్రతి వార్డుకూ నాలుగు వార్డు కమిటీలు పెట్టమంది, యువతకు, మహిళలకు, సీనియర్ సిటిజన్లకు, ప్రముఖ పౌరులకు. అదే చట్టం జిల్లా కలెక్టర్ చేతికి పెద్ద అధికారాలు ఇచ్చింది. మీ వార్డులో ఆ కమిటీలు ఎన్నిసార్లు కూర్చున్నాయో మీకే తెలుసు.

ఆచరణలో గొడవ అంతా శిలాఫలకం దగ్గర మొదలవుతుంది. ఎవరి పేరు పైన ఉండాలి, ఎవరికి సమాచారం ఇవ్వలేదు, కొబ్బరికాయ ఎవరు కొట్టాలి. ప్రోటోకాల్ ఉల్లంఘన అని కమిషనర్ మీద ఫిర్యాదులు. ఆ మధ్యలో నలిగిపోయే ఉద్యోగిగా నేను ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ఒక సీసీ రోడ్డు పని నెలల తరబడి ఆగడానికి ఈ గొడవ ఒక్కటి చాలు. చైర్‌పర్సన్, ఎమ్మెల్యే ఒకే పార్టీ అయితే సాఫీగా ఉంటుందనుకోవద్దు, అప్పుడు ఇంకా ఎక్కువ ఉంటుంది. ఇద్దరిలో ఒకరు రేపు రెండోవారి సీటుకు పోటీదారు కదా.

మీరు ఎమ్మెల్యే అయితే ఒక్క నియమం పెట్టుకోండి. డ్రైనేజీ, వీధిలైటు, చెత్త గురించి ఎవరు వచ్చినా ఆ వార్డు కౌన్సిలర్‌ను లైన్‌లోకి తీసుకుని వాళ్ల ముందే మాట్లాడండి, ఆ కౌన్సిలర్ ఏ పార్టీ అయినా సరే. ఊళ్ల నుంచి వస్తే సర్పంచ్‌తో అలాగే. సర్పంచ్ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి కాబట్టి అక్కడ ఈ పని ఇంకా సులువు. మొదట్లో మీ అనుచరులకు నచ్చదు, "మన మాట మనమే తగ్గించుకోవడం ఏంటి" అంటారు. నేను పనిచేసిన ఇద్దరిలో ఒకరు ఇలా చేసేవారు. కొంతకాలానికి ఆయన ఇంటి ముందు రద్దీ తగ్గింది, పొద్దున చదువుకోవడానికి ఒక గంట మిగిలింది.

డబ్బు సంగతి దాచకుండా చెప్పుకోవాలి. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు ఎన్నికల సంఘం 2022లో పెట్టిన పరిమితి మన రాష్ట్రాల్లో 40 లక్షలు. డిపాజిట్ 10 వేలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5 వేలు. అసలు ఖర్చులు ఎలా ఉంటాయో మీరు వార్డు ఎన్నికలోనే చూసి ఉంటారు, దాన్ని రెండు లక్షలకు పైబడిన ఓటర్లకు పెంచి ఊహించుకోండి. జీతభత్యాలు చూస్తే తెలంగాణలో 2016 పెంపుతో జీతం 20 వేలు, నియోజకవర్గ భత్యం 2.30 లక్షలు అయ్యాయి. వినడానికి పెద్ద మొత్తమే. డ్రైవర్లు, డీజిల్, ఆఫీసు, వచ్చినవాళ్లకు టీలు, గుడి చందాలు, వినాయక మండపాలు, పెళ్లి కట్నాలు, ఆస్పత్రికి పోయేవాడి చేతిలో పెట్టే ఐదొందలు, ఇవన్నీ పోయాక ఏమీ మిగలదు. నియోజకవర్గ అభివృద్ధి నిధిని తెలంగాణలో 2021లో ఏడాదికి 5 కోట్లకు పెంచారు. అది ఎమ్మెల్యే జేబులోకి వచ్చే డబ్బు అని జనం అనుకుంటారు. ఎమ్మెల్యే పనులు ప్రతిపాదిస్తారు అంతే, మంజూరు, బిల్లులు అధికారుల ద్వారా నడుస్తాయి.

ఈ విషయంలో నా మాట కఠినంగా ఉంటుంది: అప్పు చేసి పోటీ చేయకండి. ఒక కాంట్రాక్టరు గానీ రియల్ ఎస్టేట్ మనిషి గానీ మీ ప్రచారానికి డబ్బు పెడితే, గెలిచిన మర్నాటి నుంచి ఏ ఫైలు కదలాలో ఆయన చెబుతాడు. మొదట మర్యాదగా చెబుతాడు. పార్టీ డబ్బు, తిరిగి ఇవ్వనక్కరలేని మీ సొంత డబ్బు, చిన్న చిన్న విరాళాలు, వీటితో అవుతుందనుకుంటేనే దిగండి. లేదంటే ఇంకో విడత కౌన్సిల్‌లో ఉండి, చైర్‌పర్సన్ పదవికి ప్రయత్నించడంలో తప్పు లేదు.

పార్టీ క్రమశిక్షణ కూడా తెలుసుకుని వెళ్లాలి. 1985లో 52వ సవరణతో పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూల్ వచ్చింది. విప్‌కు, అంటే ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశానికి, విరుద్ధంగా ఓటేస్తే సభ్యత్వం పోతుంది. మూడో వంతు మంది కలిసి చీలిపోయే వెసులుబాటును 2003లో 91వ సవరణ తీసేసింది. కాబట్టి బిల్లు మీద మీకు అభ్యంతరం ఉన్నా ఓటు పార్టీ చెప్పినట్టే వేయాల్సి వస్తుంది. అలా అని నోరు కట్టేసినట్టు కాదు. ప్రశ్న వేయడానికి, కమిటీలో అడగడానికి, శాసనసభాపక్ష సమావేశంలో గట్టిగా మాట్లాడటానికి విప్ అడ్డం రాదు. అధికార పక్షంలో ఉండి కూడా మర్యాద తప్పకుండా ఇబ్బందికరమైన ప్రశ్న అడిగే సభ్యుడికి సభలో విలువ పెరుగుతుంది, నేను కళ్లారా చూశాను. ఓటుకు, ప్రసంగానికి లంచం తీసుకుంటే సభా హక్కులు కాపాడవని 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జిల ధర్మాసనం తేల్చి, 1998 నాటి తీర్పును పక్కన పెట్టింది. అది మంచి పని.

మహిళగా మీకు ఇంకో మాట చెప్పాలి. స్థానిక సంస్థల్లో మనకు సగం సీట్లు మహిళలవి. అసెంబ్లీలో మూడో వంతు కేటాయించే 106వ సవరణ 2023లో వచ్చింది, కానీ జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని అందులోనే రాసి ఉంది. దానికోసం ఎదురుచూడాల్సిన పని లేదు. ఇప్పుడు మీ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది? కౌన్సిల్ ఎజెండా ముందు ఎవరు చదువుతారు? కమిషనర్ ఫోన్ చేస్తే మాట్లాడేది మీరా, మీవారా? మునిసిపల్ ఆఫీసులో కౌన్సిలర్ల భర్తలు కుర్చీ లాక్కుని కూర్చోవడం, ఆవిడ వెనక నిలబడటం ఎన్నోసార్లు చూశాను. ఆవిడకు తెలివి లేక కాదు, ఎవరూ ఆ కాగితం ఆవిడ చేతికి ఇవ్వలేదు, అంతే. భర్త సాయం చేయడం వేరు, భర్త పదవి చేయడం వేరు. వార్డులో ఈ గీత గీసుకోకపోతే నియోజకవర్గంలో అసలు గీసుకోలేరు, అక్కడ ఒత్తిడి పదింతలు. ఇంట్లో ఈ మాట టికెట్ అడగకముందే మాట్లాడుకోండి. పిల్లల చదువు ఎవరు చూస్తారో కూడా అప్పుడే. సమావేశాలప్పుడు హైదరాబాద్‌లో ఉండాలి, మిగతా రోజుల్లో అర్ధరాత్రి యాక్సిడెంట్ జరిగినా ఫోన్ మీకే వస్తుంది. ఆ టెన్షన్ ఇంటిల్లిపాదీ భరించాలి.

టికెట్ ప్రయత్నం మొదలుపెట్టే ముందు మీరు చేయదగిన పనులు ఉన్నాయి. మీ దగ్గరికి వచ్చే ప్రతి అర్జీని ఒక రిజిస్టర్‌లో రాయండి, ఏ శాఖ, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని. కొంతకాలానికి ఒకే కారణం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది, రేపు సభలో మీరు వేయాల్సిన ప్రశ్నలు అవే. పట్టణం దాటి మీ నియోజకవర్గంలోని మండలాలు తిరగండి. కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు ఎందుకు రావు, ధాన్యం కొనుగోలు కేంద్రంలో తరుగు పేరుతో ఎంత తీస్తున్నారు, పీహెచ్‌సీలో డాక్టర్ ఉంటున్నారా, ఇవి మునిసిపాలిటీలో నేర్చుకోలేరు. సమావేశాలు జరిగేటప్పుడు మీ ఎమ్మెల్యే ద్వారా సందర్శకుల పాస్ తీసుకుని గ్యాలరీలో రెండు రోజులు కూర్చోండి. ప్రశ్నోత్తరాలు, జీరో అవర్ రెండూ చూడండి. ఎవరు కాగితం చూసి చదువుతున్నారో, ఎవరు విషయం తెలిసి మాట్లాడుతున్నారో పైనుంచి చక్కగా తెలుస్తుంది. తర్వాత మీ మునిసిపాలిటీ తర్వాతి కౌన్సిల్ సమావేశంలో ఒక అంశం తీసుకుని, బడ్జెట్ పుస్తకంలోంచి అంకెలు చెప్పి, రాతపూర్వకంగా జవాబు అడగండి. ఆ జవాబు రావడానికి ఎన్ని రోజులు పట్టింది, అందులో ఏం రాశారు అన్నది ఇక్కడ పెడితే, అదే విషయాన్ని అసెంబ్లీలో ఎలా అడగాలో రాసి చూపిస్తాను.